మైక్, మైల్స్, మాయ్: వియత్నామీల నోట ఇంగ్లీషు పేర్లు

హనోయిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లవాడు 'ఐ లైక్ రైస్' అనబోయి చివరి సకారం మింగేశాడనుకోండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు. చుట్టూ ఉన్న మాటలే వాడు ఏమన్నాడో చెప్పేస్తాయి. అదే పిల్లవాడు తన స్నేహితుణ్ణి పరిచయం చేస్తూ 'మైల్స్' అనబోయి 'మాయ్' అన్నాడంటే వినేవాళ్లకు ఏ ఆసరా దొరకదు. ఆ స్నేహితుడు మైల్స్ కావచ్చు, మైక్ కావచ్చు. మాయ్ అనే పేరున్న వియత్నామీ అమ్మాయి కూడా కావచ్చు. దక్షిణ వియత్నాంలో టెట్ అనే కొత్త సంవత్సరం పండగకు ఇళ్లలో పెట్టుకునే పసుపు పువ్వు పేరే ఆ మాయ్. మామూలు మాటను సందర్భం కాపాడుతుంది, పేరుకు ఆ కాపుదల లేదు. అందుకే భాష మొత్తంలో వ్యక్తుల పేర్ల దగ్గరే ఉచ్చారణ కష్టం ఎక్కువగా బయటపడుతుంది.

వియత్నామీలకు నాలుక తిరగదని దీన్ని తేల్చిపారేసేవాళ్లు ఉన్నారు. అది అన్యాయం. ఆ తడబాట్లు గాలివాటుగా వచ్చేవి కావు. వాళ్ల భాష నిర్మాణం తెలిస్తే, ఏ పేరు దగ్గర ఏ ధ్వని రాలిపోతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. తెలుగువాళ్లకు ఇందులో ఆసక్తి కలగడానికి కారణం ఉంది. ఇవే చిక్కుల్లో కొన్నిటిని మనమూ ఎదుర్కొన్నాం, వేరే దారిలో దాటాం.

ముందు అక్షరాల సంగతి. ఈనాటి వియత్నామీ లిపి పేరు క్వొక్ ఙు. లాటిన్ అక్షరాలకు గుర్తులు చేర్చి, పదిహేడో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తయారుచేసిన లిపి ఇది. పోర్చుగీసు జెసూయిట్లు మొదలుపెట్టిన ఈ పనిని అలెగ్జాండర్ ద రోడ్ అనే ఫ్రెంచి జెసూయిట్ ఒక కొలిక్కి తెచ్చి, 1651లో రోమ్‌లో వియత్నామీ-పోర్చుగీసు-లాటిన్ నిఘంటువు అచ్చు వేయించాడు. ఈ లిపికి ఒక మంచి గుణం ఉంది. మన తెలుగులాగే దాన్ని రాసింది రాసినట్టు చదవవచ్చు. ప్రాంతాన్ని బట్టి పలుకుబడి మారినా, ఒక ప్రాంతంవాళ్లకు ఒక అక్షరం ఎప్పుడూ ఒకే తీరుగా పలుకుతుంది. అందుకని వియత్నామీ విద్యార్థికి అక్షరం మీద గట్టి నమ్మకం ఏర్పడుతుంది. ఇంగ్లీషు పేర్లు కూడా లాటిన్ అక్షరాల్లోనే ఉండేసరికి ఆ నమ్మకాన్నే అక్కడికీ తీసుకువెళతాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

'సి హెచ్' జంటను తీసుకోండి. వియత్నామీలో అది మాట మొదట్లో వస్తే మన 'చ'కు దగ్గరి ధ్వనే. ఇంగ్లీషు పేర్లలో చార్ల్స్‌కు అది చ, క్రిస్టఫర్, మైకేల్, నికొలస్‌లకు క, షార్లెట్‌కు ష. 'టి హెచ్' జంట వియత్నామీలో అచ్చంగా మన 'థ', ఒత్తు పలికే దంత్యాక్షరం. ఇంగ్లీషులో థియొడోర్‌కు నాలుక పళ్ల మధ్యకు రావాలి, థామస్‌కు రాకూడదు. అక్కడ 'హెచ్' ఉట్టి అలంకారం, పలకవలసింది ట-కారమే. మనం కూడా ఆ పేరును 'థామస్' అనే రాస్తున్నాం కాబట్టి ఈ తప్పులో వియత్నామీలతో పాటు మనకూ వాటా ఉంది. 'ఎక్స్' అక్షరం వాళ్లకు సకారం. గీత లేని 'డి' ఉత్తరాదిన జీబ్రాలోని మొదటి ధ్వని, దక్షిణాదిన య-కారం. మనకు తెలిసిన ద-కారం కావాలంటే ఆ అక్షరానికి అడ్డగీత పెట్టాలి. అందుకే వాళ్లు డేవిడ్‌ను తమ లిపిలో రాసేటప్పుడు గీత ఉన్న అక్షరమే వాడి 'దా-విత్' అంటారు. అసలు వియత్నామీ వర్ణమాలలోని 29 అక్షరాల్లో ఎఫ్, జె, డబ్ల్యు, జెడ్ లేనే లేవు. ఫ్రాంక్, జాన్, విలియమ్, జోయీ అన్న నాలుగు మామూలు పేర్లూ వాళ్ల వర్ణమాలలో లేని అక్షరాలతోనే మొదలవుతాయి.

అక్షరాల చిక్కు కళ్లకు సంబంధించినది, కంఠస్థం చేసి దాటవచ్చు. మాట చివర జరిగేది అంతకన్నా లోతైన సంగతి.

వియత్నామీలో మాట చాలావరకు ఒకే అక్షరం, అంటే ఒకే ఊపులో పలికే ముక్క, పొడవుంటుంది. ఆ అక్షరం చివర నిలవగల హల్లులు స్థూలంగా ఆరే: ప, త, క, మ, న, ఙ. స, ల, ర, ఫ, వ, డ, బ, గ వీటిలో ఏదీ అక్కడ నిలవదు. జార్జ్, ఆలిస్, పాల్, స్టీవ్, బాబ్, రూత్ పేర్లను ఈ జల్లెడలో పోసి చూడండి, ఒక్కదాని చివరి హల్లూ దిగదు. కొన్ని పూర్తిగా రాలిపోతాయి, కొన్ని దగ్గరి చుట్టానికి మారతాయి. ల-కారం న-కారమవుతుంది. బిల్ 'బిన్' అవుతుంది, పాల్ 'పోన్' అవుతుంది. ఇది ఈనాటి విద్యార్థి అలసత్వం కాదు. ఫ్రెంచివాళ్ల 'పీల్', అంటే బ్యాటరీ, వియత్నామీలోకి ఎప్పుడో 'పిన్'గా వచ్చి స్థిరపడింది. డ-కారం త-కారమవుతుంది, దా-విత్‌లో చూశాం. ఒకటి కన్నా ఎక్కువ హల్లులుంటే ఒక్కటే మిగులుతుంది. కార్ల్ మార్క్స్‌లోని మార్క్స్ వాళ్లకు 'మాక్'.

చివర నిలవగలిగిన ప, త, క కూడా ఇంగ్లీషులోలాగా వినిపించవు. పెదవులో నాలుకో మూసుకుంటుంది, గాలి మాత్రం బయటకు రాదు. జాక్ అన్న పేరును వియత్నామీ విద్యార్థి తన లెక్కలో పూర్తిగానే పలుకుతాడు. ఎదుటివాడికి మాత్రం 'జా' అని ఆగిపోయినట్టు వినిపిస్తుంది. మ్యాట్, మ్యాక్ మధ్య తేడా ఉత్తరాది వియత్నామీ చెవికి స్పష్టంగా తెలుస్తుంది, ఇంగ్లీషు చెవికి తెలియదు. ఇది చాలామంది ఉపాధ్యాయులు గమనించని సంగతి అని నాకనిపిస్తుంది. 'చివరి ధ్వని వదిలేశావు' అంటే ఆ పిల్లవాడు తెల్లబోతాడు. వాడు వదిలేయలేదు మరి. 'గాలి వదులు' అని చెబితే వెంటనే దొరుకుతుంది.

ఇక మైక్ ఎందుకు మాయ్ అయ్యాడు? క-కారం చివర నిలవగలదు కదా. ఇక్కడ ఇంకో నియమం అడ్డొస్తుంది. వియత్నామీ అక్షరం చివర ఒక్క చోటే ఉంది. అక్కడ హల్లయినా కూర్చోవాలి, ఐ-కారం ఔ-కారాల్లో వినిపించే యకార వకారాల తోకయినా కూర్చోవాలి. రెండూ కలిసి కూర్చోలేవు. మైక్‌లో 'ఐ' తోక ముందే కూర్చుంది, క-కారానికి చోటు లేదు. మైక్, మైల్స్, క్లైవ్, డ్వైట్, జేమ్స్, కేట్, జేన్ అన్నీ ఇదే బాపతు. కొన్నిసార్లు తోక పోయి హల్లు మిగులుతుంది. కేట్ 'కెత్' అవుతుంది, జేన్ 'జెన్' అవుతుంది. కొన్నిసార్లు హల్లు పోయి తోక మిగులుతుంది. ఏది పోతుందన్నది మనిషిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కానీ ఏదో ఒకటి పోవలసిందే.

మాట మొదట్లో వచ్చే జంట హల్లులూ ఇంతే. బ్రయన్, క్లారా, స్కాట్, ఫ్రాంక్ పేర్లలో రెండు హల్లుల మధ్య చిన్న అచ్చు దూరుతుంది. చిత్రమేమిటంటే ఆ భాషలో జంట హల్లులు ఒకప్పుడు ఉండేవి. 1651 నాటి నిఘంటువులో ఆకాశం 'బ్లొయ్', గేదె 'త్లొవు'. తరువాత ఆ జంటలు కరిగి ఒక్కో హల్లుగా మారిపోయాయి. ద రోడ్ విన్న వియత్నామీ ఈనాటికీ మిగిలి ఉంటే క్లారాను పలకడం అంత కష్టమయ్యేది కాదు.

మన దారి దీనికి తలకిందులు. తెలుగు మాటకు చివర అచ్చు కావాలి. అందుకని బస్ మనకు బస్సు అయింది, రైల్ రైలు అయింది. వియత్నామీ చివరి హల్లును తీసేస్తే, తెలుగు దానికి ఒక అచ్చును తోడిచ్చి నిలబెట్టింది. పౌలు, మార్కు, యోహాను అలా వచ్చినవే. హల్లును నిలబెట్టుకున్నాం కాబట్టి మన ఉచ్చారణ ఇంగ్లీషువాళ్లకు కాస్త సాగినట్టు అనిపించినా, పేరు ఏదో తెలుస్తుంది.

బైబిలు పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగాలి. వియత్నాంలో కతోలిక క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు, వాళ్లకు పునీతుల పేర్లు పెట్టుకునే ఆచారం ఉంది. ఆ పేర్లు ఇంగ్లీషు నుంచి రాలేదు, పోర్చుగీసు, లాటిన్ దారుల్లో వచ్చాయి. పీటర్ అక్కడ ఫేరో, పాల్ ఫావొలో, జేమ్స్ జాకోబే. మొదటి రెండింటిలో ఫ-కారం ఎందుకొచ్చిందో చూడండి. దేశి వియత్నామీ మాటల మొదట్లో ఉట్టి ప-కారం రాదు. మిషనరీల కాలంలో 'పి హెచ్' రాతకు ఒత్తు ప ధ్వని ఉండేది, పకారానికి అదే దగ్గరిది కాబట్టి దానితో రాశారు. కాలక్రమంలో ఆ ధ్వని ఇంగ్లీషు ఫ-కారంలా మారింది, పేరూ దాని వెంట మారింది. ఈనాటి విద్యార్థి పీటర్‌ను ప-కారం కుదరక 'బీటర్' అంటాడు. చర్చిలో వినే ఫేరోకూ తరగతిలోని పీటర్‌కూ చుట్టరికం ఉందని ఎవరైనా చెబితే తప్ప వాడికి తెలియదు. జాకోబే, జేమ్స్ ఒక్కటేనన్నది ఇంకా దూరపు సంగతి. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. మన యాకోబు పత్రికే ఇంగ్లీషులో జేమ్స్ పత్రిక.

పేర్లు వచ్చిన దారులు ఇంకా ఉన్నాయి. చీనా లిపిలో రాసిన విదేశీ పేర్లను వియత్నామీ పద్ధతిలో చదవడం వల్ల నెపోలియన్ 'నా ఫా లువన్' అయ్యాడు, వాషింగ్టన్ 'హ్వా థిన్ దోన్' అయింది. ఫ్రెంచి పాలనలో హాస్యనటుడు చాప్లిన్ ఫ్రెంచి ముద్దుపేరుతో 'సాక్-లో'గా వచ్చాడు. తరువాత పాఠ్యపుస్తకాలు ధ్వనిని బట్టి అక్షరాలు విడదీసి మధ్య గీతలు పెట్టి రాశాయి. న్యూటన్‌ను న్యూ-తన్ అని, వాషింగ్టన్‌ను వా-సిన్-తన్ అని. ఒకే ఊరికి ఒక తరంలో ఒక పేరు, ఇంకో తరంలో ఇంకో పేరు. 1986లో దోయ్ మోయ్ అనే ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక, 1995లో అమెరికాతో దౌత్య సంబంధాలు కుదిరాక ఇంగ్లీషు ముందుకొచ్చింది. 2018 నాటి పాఠ్య ప్రణాళిక మూడో తరగతి నుంచే విదేశీ భాషను తప్పనిసరి చేసింది, ఎక్కువమందికి ఆ భాష ఇంగ్లీషే. ఇప్పుడు పత్రికల్లో పేర్లు ఇంగ్లీషు వర్ణక్రమంలోనే కనిపించడం పెరిగింది. తాతకు చెవి ద్వారా తెలిసిన పేరు మనవడికి కంటి ద్వారా తెలుస్తోంది. పాత పద్ధతి నాగరికంగా లేదని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. న్యూటన్ చివరి 'టన్'ను బలహీనమైన అచ్చుతో రాసినవాళ్ల చెవి చాలా చక్కటిది. వర్ణక్రమం చూసి 'టోన్' అని సాగదీసే ఈనాటి చదువు కన్నా అదే అసలు ఉచ్చారణకు దగ్గర.

ఆ బలహీనమైన అచ్చు మనల్ని నొక్కు దగ్గరికి తీసుకువెళుతుంది. నా లెక్కలో చివరి హల్లు కన్నా ముందు నేర్పవలసింది ఇదే. వియత్నామీ స్వరభాష, అంటే గొంతు ఎత్తుపల్లాలను బట్టి మాట అర్థం మారే భాష. ఉత్తరాదిన ఆరు స్వరాలు, దక్షిణాదిన ఐదు. ప్రతి అక్షరానికీ తన స్వరం, తన పూర్తి అచ్చు ఉంటాయి. ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం రాజ్యమేలుతుంది, మిగతావి ఒదిగి ఉంటాయి. ఎలిజబెత్‌లో రెండో అక్షరం మీద నొక్కు, జొనథన్‌లో మొదటి దాని మీద. డెన్నిస్ మగవాడు, మొదట నొక్కు. డెనీస్ ఆడమనిషి, చివర నొక్కు. జోన్ ఒక్క అక్షరం, జోయాన్ రెండు, నొక్కు రెండోదాని మీద. డేనియల్, డేనియెల్ పేర్లలో మగా ఆడా తేడా కూడా ముఖ్యంగా నొక్కుతోనే తెలుస్తుంది. అన్ని అక్షరాలనూ సమానంగా పలికే విద్యార్థి ఇక్కడ ఒక ధ్వనిని కాదు, ఏకంగా మనిషినే మార్చేస్తాడు. అయితే స్వరాలు పలకగలిగిన చెవికి ఎత్తు, పల్లాలు కొత్త కాదు. నొక్కున్న అక్షరానికి పైకి లేచే స్వరం, మిగతావాటికి కిందికి దిగే స్వరం ఇమ్మని చెబితే, ఇంగ్లీషు నొక్కుకు దగ్గరగా ఉన్న ధ్వని వస్తుంది. ఉన్న బలాన్ని వాడుకునే ఇలాంటి మార్గం లోపాలు ఎత్తిచూపడం కన్నా మేలు.

పలకడం వచ్చినా, పేరులో ఏ భాగంతో పిలవాలన్నది ఇంకో ముడి. వియత్నామీ పేరులో ఇంటిపేరు ముందు, మధ్యపేరు తరువాత, సొంతపేరు చివర. 1963లో వియత్నాం వార్తలు చదివిన అమెరికన్లు తమ దేశాధ్యక్షుణ్ణి ప్రెసిడెంట్ కెనడీ అని, దక్షిణ వియత్నాం అధ్యక్షుణ్ణి ప్రెసిడెంట్ జియెమ్ అని అన్నారు. జాన్ ఎఫ్ కెనడీలో కెనడీ ఇంటిపేరు. ఙో దిన్ జియెమ్‌లో జియెమ్ సొంతపేరు, ఇంటిపేరు ఙో. పైగా గీత లేని 'డి' చూసి దాన్ని 'డియెమ్' అని పలికారు. వర్ణక్రమాన్ని నమ్మి మోసపోవడం వియత్నామీలకే పరిమితం కాదు. వియత్నాం సేనాని జనరల్ జాప్ కూడా అంతే, వో ఙుయెన్ జాప్‌లో చివరిదే సొంతపేరు.

సొంతపేరుకే ఎందుకంత ప్రాధాన్యం అంటే, అక్కడ ఇంటిపేర్లు చాలా తక్కువ. జనాభాలో రమారమి మూడో వంతు ఙుయెన్‌లే. తరగతిలో ఙుయెన్ అని పిలిస్తే సగం మంది లేచి నిలబడే పరిస్థితి ఉండవచ్చు. అందుకే హాజరు పట్టీలో పేర్లను కూడా సొంతపేరు వరుసలోనే పెడతారు. పిలిచేటప్పుడు ఉట్టి పేరుతో పిలవరు. మనం అన్నా, అక్కా, బాబాయ్ అన్నట్టే వాళ్లూ వయసును బట్టి వరుస కలుపుతారు, ఉపాధ్యాయుడికి గౌరవపదం చేర్చి సొంతపేరు చెబుతారు. ఆ అలవాటుతోనే వియత్నామీ విద్యార్థి డేవిడ్ బ్రౌన్ అనే ఉపాధ్యాయుణ్ణి 'మిస్టర్ డేవిడ్' అంటాడు. ఇంగ్లీషులో మిస్టర్ ఇంటిపేరుకే అతుకుతుంది: మిస్టర్ బ్రౌన్, లేదా ఉట్టి డేవిడ్. మొదటిది విద్యార్థికి ఎవరినో పరాయివాణ్ణి పిలిచినట్టు ఉంటుంది, రెండోది మర్యాద తప్పినట్టు ఉంటుంది. 'డేవిడ్ గారు' అనే తెలుగువాళ్లకు ఆ ఇరకాటం వివరించి చెప్పనక్కర లేదు.

మధ్యపేరు మీద కూడా వాళ్లకు ఒక ఆశ ఉంటుంది. సంప్రదాయంగా 'వన్' ఉంటే మగవాడు, 'థి' ఉంటే ఆడమనిషి అని తెలిసిపోయేది. ఇంగ్లీషులో అలాంటి గుర్తు లేదు. టేలర్, జోర్డన్, రాబిన్ ఎవరైనా కావచ్చు. ఇంటిపేరు సొంతపేరుగానూ చెలామణి కావడంతో, టేలర్ అన్నది ముందు భాగమో వెనుక భాగమో తెలియక ఇంకో తికమక.

వియత్నాంలో ఇంటిపేర్లు తక్కువ, మధ్యయుగపు ఇంగ్లండులో సొంతపేర్లు తక్కువ. ఊరి నిండా జాన్‌లు, విలియమ్‌లు, రాబర్ట్‌లు, రిచర్డ్‌లు. ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి ముద్దుపేర్లు పుట్టుకొచ్చాయి. ముందు పేరును కురచ చేశారు, తరువాత ప్రాసకు మొదటి హల్లు మార్చారు, మొదట హల్లు లేకపోతే చేర్చారు. విల్ నుంచి బిల్, రాబ్ నుంచి బాబ్, రిక్ నుంచి డిక్. మార్గరెట్ మెగ్ అయి, మెగ్ పెగ్ అయి, చివరికి పెగ్గీ అయింది. ర-కారం ల-కారంగా మారి సేరా సాలీ అయింది, మేరీ మాలీ అయి ఆపైన పాలీ కూడా అయింది. విద్యార్థి వీటిని అర్థం చేసుకోవడానికి ఈ సూత్రం చాలు. జాబితాను గుడ్డిగా బట్టీ పట్టడం కన్నా సూత్రం గుర్తుండటం సులువు. విలియమ్ జెఫర్సన్ క్లింటన్ బిల్ ఎందుకయ్యాడో, కెనడీ సోదరుల్లో ఎడ్వర్డ్ టెడ్ ఎలా అయ్యాడో అడిగే పిల్లవాడికి ఇది నిజమైన జవాబు కూడా.

ఇన్ని నియమాలు తెలిసినా కొన్ని పేర్లు దొరకవు, ఇంగ్లీషువాళ్లకే దొరకవు. సంగీతకారుడు రాల్ఫ్ వాన్ విలియమ్స్ తన పేరును 'రేఫ్' అని పలికేవాడు, నటుడు రాల్ఫ్ ఫైన్స్ కూడా అంతే. స్టీఫెన్ అని రాసి ఉన్నది చాలాసార్లు 'స్టీవెన్', కొన్నిసార్లు 'స్టెఫన్'. షాన్ అనే ఐరిష్ పేరును అక్షరాలు చూసి చదివితే 'సీన్' అవుతుంది. అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన కాలిన్ పవెల్ జమైకా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు, ఇంట్లో బ్రిటిష్ పద్ధతిలో 'కాలిన్' అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన తొలి రోజుల్లో మరణించిన కోలిన్ కెల్లీ అనే విమాన చోదకుడి పేరు అమెరికా అంతా మారుమోగింది. వీధిలో పిల్లలు పవెల్‌నూ 'కోలిన్' అనడం మొదలుపెట్టారు, అదే నిలిచింది. ఇక్కడ ఏ నిఘంటువూ తీర్పు చెప్పలేదు. పేరున్న మనిషి ఎలా పలికితే అదే సరి. కాబట్టి 'మీ పేరు ఎలా పలకాలి' అని అడగడం వియత్నామీ విద్యార్థికి మొదటి వారంలోనే నేర్పవలసిన వాక్యం. పెద్దవాళ్లను పేరు అడగడం అమర్యాద అనుకునే పిల్లలకు, ఇంగ్లీషువాళ్లు దాన్ని గౌరవంగానే తీసుకుంటారని కూడా చెప్పాలి.

అడిగి, విని తెలుసుకున్నాక నోటికి అలవాటు చేయడం మిగులుతుంది. నొక్కు ముందు, చివరి హల్లు తరువాత. మిగతావి, అంటే ర-కారపు మెలిక, పళ్ల మధ్య పలికే థ-కారం, నెమ్మదిగా రావచ్చు. చివరి హల్లుకు ఒక సులువైన సాధన ఉంది. వియత్నామీలో అక్షరం చివర ల, స, వ, గ నిలవవు గానీ మొదట్లో చక్కగా పలుకుతాయి. క-కారం మొదట్లో వచ్చినప్పుడు గాలి కూడా బాగానే వదులుతుంది. కాబట్టి పేరు తరువాత అచ్చుతో మొదలయ్యే మాట పెట్టాలి. 'మైక్ ఈజ్ హియర్' అన్నప్పుడు నోరు దాన్ని 'మై-కీజ్' అని విడదీసుకుంటుంది, క-కారం రెండో అక్షరం మొదట చేరి బతుకుతుంది. 'బిల్ ఆస్క్‌డ్' అంటే 'బి-లాస్క్' అవుతుంది, 'ఆలిస్ ఈజ్' అంటే 'ఆలి-సీజ్' అవుతుంది. ఇలా కొన్నాళ్లు పలికాక, వెనకాల ఉన్న అచ్చును గుసగుసగా తగ్గిస్తూ పోవాలి. చివరికి అచ్చు పోయి, హల్లు వదిలిన గాలి మాత్రం మిగిలిన చోట మైక్, మైల్స్, మాయ్ ముగ్గురూ వేరువేరుగా వినిపిస్తారు.